ఫ్రీమాంట్ పెరట్లో హమ్మింగ్‌బర్డ్‌లు ఏడాది పొడుగునా రావాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ: కిందటేడు కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్నారు. వెనక పెరడు చిన్నదే, 20 అడుగులకి 25 అడుగులు. మార్చి, ఏప్రిల్ నెలల్లో హమ్మింగ్‌బర్డ్‌లు (గాల్లో నిలబడి పూల తేనె తాగే బుల్లి పిట్టలు) రోజూ వచ్చాయి, మీ ఆరేళ్ళ పాపకి అవే లోకమైపోయాయి. జులై దాటాక మాయమయ్యాయి. ఎర్ర గులాబీలు వేశారు, పెటూనియాలు పెట్టారు, నూరువరహాలు తెచ్చి నాటితే చలికి మాడిపోయింది, పిట్టలు తాగడానికని ఎర్రరంగు పంచదార నీళ్ళ సీసా కొని వేలాడదీశారు. అయినా రావడం లేదు. ఏ మొక్క వేస్తే ఏడాదంతా వస్తాయని అడిగారు.

అలాంటి మొక్క లేదండి. నేను తెనాలి నుంచి ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఈ పిట్టల కోసమని మొక్కలు పెంచడం మొదలుపెట్టి పదహారేళ్ళు. అంతకుముందు ఆరేళ్ళూ మీరు చేసిన తప్పులే వరసపెట్టి చేశాను, గులాబీల దగ్గర్నుంచి సీసా దాకా. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఏమీ అనుకోకండి.

ముందుగా, మీ పిట్టలు వలసపోలేదు. మన శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో రోజూ కనిపించేది అన్నాస్ హమ్మింగ్‌బర్డ్. (మా వారు మొదట్లో "అన్నలే ఉన్నారా, తమ్ముళ్ళు లేరా" అని ఏడిపించేవారు. 1829లో లెసన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త రివోలీ డచెస్ అయిన అన్నా మసేనా పేరు దానికి పెట్టాడు, అదీ సంగతి.) వేసవి చివర కొన్ని కొండల మీదికి వెళ్తాయి గానీ, జాతి మొత్తంగా పన్నెండు నెలలూ ఇక్కడే ఉంటుంది. అలెన్స్ అనే రాగిరంగు పిట్ట జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మెక్సికో నుంచి వచ్చి, పిల్లల్ని చేసుకొని ఎండాకాలంలో వెళ్ళిపోతుంది. రూఫస్ అనేది అలాస్కా వైపు పోతూ దారిలో ఇక్కడ ఆగుతుంది. అవి రెండూ చుట్టాలు, అన్నాస్ ఇంటి మనిషి.

ఇంకో సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ అన్నాస్ గూళ్ళు పెట్టింది దక్షిణ కాలిఫోర్నియాలోను, దాని కిందున్న మెక్సికో బాహాలోను మాత్రమే. ఇప్పుడు కెనడాలో కూడా ఉంటోంది. ఎలా పాకింది? మనుషులు నాటిన చెట్లు, పెరటి మొక్కలు, పంచదార సీసాలు. బంగారం వేట రోజుల్లో, 1850ల నుంచి ఇక్కడ ఆస్ట్రేలియా యూకలిప్టస్‌ని విపరీతంగా నాటారు, మన దగ్గర జామాయిల్ అంటామే, అదే. దాని పూత చలికాలంలో ఉంటుంది. ఏమీ పూయని కాలంలో ఒక చెట్టు పూస్తే పిట్ట అక్కడే ఉండిపోయింది. మీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

మీ పెరట్లో జరిగింది కూడా అదే, తిరగేసి చూడండి. మార్చి, ఏప్రిల్‌లో ఫ్రీమాంట్ అంతా పూలే. మీ పక్కింట్లో, రోడ్డు మీద, కొండ మీద. మీరేం చేయకపోయినా వస్తాయి. జులై తర్వాత ఇక్కడ వాన చుక్క ఉండదు, కొండలు గడ్డివాముల రంగుకి తిరుగుతాయి. అప్పుడు మీ పెరట్లో ఏముంది? గులాబీలు. గులాబీలో పుప్పొడే గానీ తేనె లేదు. పిట్ట ఒకసారి వచ్చి చూసి, ఉత్త గిన్నె అని తెలుసుకొని పోతుంది. దానికి జ్ఞాపకశక్తి బాగా ఎక్కువ, ఏ పూవు ఎప్పుడు తాగిందో గుర్తుంటుంది. ఉత్త గిన్నె అని కూడా గుర్తుంటుంది.

నేను ఇది తెలుసుకున్నది ఏ పుస్తకంలోనో కాదు, ఇండియన్ స్టోర్ వాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ మీద. ఒక ఏడాది ఫ్రిజ్ తలుపు మీద దాన్ని తగిలించి, పిట్ట మూతి పెట్టిన పూవు ఆరోజు పెరట్లో విచ్చి ఉంటే ఆ గడిలో ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాను. డిసెంబర్ 31న తిరగేసి చూస్తే మార్చి నుంచి జూన్ దాకా తట్టు పోసినట్టు ఎర్రగా ఉంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో ఒకటీ అరా. నవంబర్ సగం నుంచి జనవరి సగం దాకా తిథులూ వర్జ్యాలూ తప్ప ఏమీ లేదు. నర్సరీకి ఏప్రిల్‌లో వెళ్ళి, ఆ రోజు పూసి ఉన్నవే కొంటూ వచ్చాను కదా, ఇంకేమవుతుంది! అందరం అంతే చేస్తాం. ఆ తర్వాత నుంచి ఖాళీ గడికి మొక్క కొనడం నేర్చుకున్నాను. మీరు కూడా అంతే చేయండి. వసంతం సంగతి ఊరు చూసుకుంటుంది.

పండగల లెక్కన చెప్తాను, గుర్తుండటం తేలిక.

వినాయక చవితి నుంచి దసరా దాకా ఉన్న ఖాళీకి కాలిఫోర్నియా ఫ్యూషియాని మించింది లేదు. పాత తోటమాలులు జౌష్నేరియా అంటారు, నర్సరీలో ఆ పేరుతో కూడా దొరకొచ్చు. బూడిద కలిసిన ఆకుపచ్చ ఆకు, మోకాలు కూడా దాటని ఎత్తు, జులై దాకా చూస్తే పీకి పారేయాలనిపించే రూపం. ఆగస్టు వచ్చేసరికి దాని మీద నిప్పులు పోసినట్టు ఎర్రని సన్నగొట్టం పూలు. అక్టోబర్ దాకా, ఒక్కో ఏడాది నవంబర్‌లో కూడా ఆపకుండా పూస్తుంది. ఈ నేలలో పుట్టిన మొక్క, ఎండాకాలం చివర దక్షిణానికి పోయే పిట్టలకి దారి బత్తెం ఇదే. మూడు మొక్కలు ఒకచోట గుంపుగా వేయండి, ఒంటరిగా ఒక్కటి వేస్తే దూరం నుంచి కంటికి ఆనదు. డిసెంబర్‌లో పూత అయిపోయాక రెండు మూడు అంగుళాలు ఉంచి మొత్తం కత్తిరించేయాలి. మొదటిసారి చేయాలంటే చేతులాడవు, పర్లేదు, మార్చికల్లా చిగురేస్తుంది. ఒక్కటే పేచీ: వేళ్ళు నేల కింద పాకుతాయి. గోడ పక్కన వేస్తే సరిపోతుంది.

దసరా, దీపావళి, కార్తీకమాసం సేజ్ అనే వాసన ఆకుల మొక్కలు రెండింటివి. పైనాపిల్ సేజ్ ఆకు నలిపితే అనాసపండు వాసన వస్తుంది, మీ పాపకి ఆ ఒక్క మొక్క చాలు వారం రోజులు ఆడుకోవడానికి. ఎర్రటి పూలు సెప్టెంబర్ చివర మొదలై మంచు పడేదాకా ఉంటాయి. దానికి నీళ్ళు కొంచెం కావాలి, మధ్యాహ్నం కాస్త నీడ కావాలి. రెండోది మెక్సికన్ బుష్ సేజ్, ఊదారంగు ముఖ్‌మల్ గుడ్డలాంటి కంకులు. ఎరుపు కాదు కదా అంటారేమో. ఎరుపు దూరం నుంచి పిలవడానికి, అంతే. లోపల తేనె ఉందని తెలిశాక ఊదా అయినా, పసుపు అయినా వాటికి ఒకటే. ఇదే కాలంలో లయన్స్ టెయిల్ అనే నారింజరంగు పొద కూడా పూస్తుంది. దాన్ని మొదటిసారి నర్సరీలో చూసి నిలబడిపోయాను. చిన్నప్పుడు పొలం గట్ల మీద చూసిన రణభేరి మొక్కకి అక్క అది, ఒకే కుటుంబం. గుండ్రటి ముళ్ళ బంతులు కాండం చుట్టూ అంతస్తులుగా, ఒక్కో అంతస్తులో పూలు. ఆరడుగులు పెరుగుతుంది, మీ పెరటికి ఎక్కువేమో, చూసుకోండి.

ఇక ధనుర్మాసం, సంక్రాంతి. ఇదే కష్టమైన ఖాళీ, ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే అన్నాస్ ఆడపిట్ట గూడు కట్టడం డిసెంబర్‌లోనే మొదలుపెడుతుంది. మిగతా పిట్టలన్నీ చలికి ముడుచుకొని ఉంటే ఇది గుడ్లు పెట్టుకుంటుంది. ఒళ్ళంతా కలిపి నాలుగైదు గ్రాములు, అంటే టీలో వేసే చెంచాడు పంచదార బరువు. చలిరాత్రుల్లో ఒంటి వేడి బాగా తగ్గించుకొని మొద్దునిద్రలోకి పోతుంది, తెల్లారగానే కడుపులో ఏదో ఒకటి పడాలి. అప్పుడు దానికి అన్నం పెట్టేది మాంజనీటా.

మాంజనీటా అంటే స్పానిష్‌లో చిట్టి ఆపిల్. కాండం ఎర్రగా, నున్నగా, నూనె రాసి తుడిచిన కొయ్య బొమ్మలా ఉంటుంది. రకాన్ని బట్టి డిసెంబర్ నుంచి మార్చి లోపల గులాబి కలిసిన తెల్లపూలు గుత్తులుగా. ఒక్కో పూవూ బోర్లించిన చిన్న కుండ, బొమ్మల కొలువులో వంటసామాను పక్కన పెట్టేంత. మీ పెరటి కొలతకి హోవర్డ్ మెక్‌మిన్ అనే రకం బాగుంటుంది, నిదానంగా పెరుగుతుంది, మన నేలని కాస్త ఓర్చుకుంటుంది. మన నేల అంటే మీరు ఇప్పటికే తవ్వి చూసి ఉంటారు, వానకి బంక, ఎండకి బీటలు, అచ్చం మన నల్లరేగడి.

నా మొదటి మాంజనీటాని నేనే చంపాను. మూడో ఏడాది జులైలో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. పాపం ఎండిపోతోందని సాయంత్రం పూట బకెట్టు నీళ్ళు పోశాను, వారంలో మూడుసార్లు. మన అలవాటు అది, ఎండలో మొక్కకి నీళ్ళు పోయకపోతే పాపం చుట్టుకుంటుందనుకుంటాం. నెల తిరక్కుండా కొమ్మ కొమ్మే గోధుమరంగుకి తిరిగింది. ఇక్కడి మొక్కలు వేసవిలో నిద్రపోతాయి. వేడి నేలలో తడి తగిలితే వేళ్ళకి బూజు రోగం పట్టుకుంటుంది. మొదటి రెండేళ్ళు వేసవిలో పది పదిహేను రోజులకొకసారి లోతుగా, తెల్లవారుజామున పోస్తే చాలు. ఆ తర్వాత నెలకి ఒకటి, అదీ చూసుకొని. మట్టిదిబ్బ ఒక అడుగు ఎత్తు చేసి దాని మీద నాటితే ఇంకా మంచిది.

మాంజనీటా చిన్నగా ఉన్న రెండు మూడేళ్ళు ఏం చేయాలి? అక్కడ నేను స్థానిక మొక్కల మీద మడి కట్టుకోను. కలబంద జాతిలో అలో అర్బోరెసెన్స్ అని ఒకటుంది, డిసెంబర్, జనవరిలో దీపస్తంభాల్లా ఎర్రటి కంకులు వేస్తుంది. ఎవరి పెరట్లోనో ఉంటే కొమ్మ ఒకటి విరిచి ఇమ్మని అడగండి, గుచ్చితే బతుకుతుంది. ఆస్ట్రేలియా గ్రెవిల్లియాలు కూడా చలికాలమంతా పూస్తాయి. అరకు వెళ్ళినప్పుడు కాఫీ తోటల్లో మిరియాల తీగలు పాకించిన సిల్వర్ ఓక్ చెట్లు చూశారా, వాటి చెల్లెళ్ళు ఇవి, పొదలుగా ఉంటాయి. వీటికి ఎరువు వేయకండి, ముఖ్యంగా భాస్వరం ఉన్నది వేస్తే చచ్చిపోతాయి. శాంతాక్రూజ్ యూనివర్సిటీ అర్బోరీటంలో ఆస్ట్రేలియా తోట ఉంది, చలికాలం ఆదివారం ఒకటి చూసుకొని పాపని తీసుకెళ్ళండి. అక్కడ ఈ పిట్టలు మనుషుల్ని లెక్కచేయవు, చెవి పక్కనుంచే పోతాయి.

సంక్రాంతి దాటితే ఫ్లవరింగ్ కరెంట్ అనే పొద (కరెంటుకీ దీనికీ సంబంధం లేదు, మొక్క పేరే అది) గులాబిరంగు గుత్తులు వేలాడదీస్తుంది. దాని చుట్టమే ఫ్యూషియా పూల గూస్‌బెరీ. కొమ్మ పొడుగునా ఎర్రటి జుంకీలు వేలాడదీసినట్టు ఉంటుంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. నా పెరట్లో పిట్టలు దేని కోసం ఎక్కువ కొట్టుకుంటాయంటే దీనికోసమే. కాకపోతే రేగు ముళ్ళు దీని ముందు బలాదూర్. వేసవిలో ఆకు మొత్తం రాల్చేస్తుంది, చచ్చిపోయిందని పీకేయకండి.

ఉగాదికి హమ్మింగ్‌బర్డ్ సేజ్. ఓక్ చెట్ల కింద, ఎండు నీడలో పెరిగే మొక్క, ముదురు గులాబి కంకులు, ఆకు పట్టుకుంటే పళ్ళ వాసన. ఇంటికి ఉత్తరం వైపు ఏమీ బతకడం లేదని ఏడ్చేవాళ్ళకి ఇదే చెప్తుంటాను. ఎండ ముదిరాక కొలంబైన్, పెన్‌స్టెమన్, మంకీఫ్లవర్, ఎరుపూ తెలుపూ కలిసిన హాట్ లిప్స్ సాల్వియా, వీటిలో మీకు నచ్చిన రెండు చాలు. ఈ కాలం గురించి ఇంతకంటే అనవసరం.

మన మొక్కల సంగతి కూడా అడిగారు. మల్లె, జాజి, విరజాజి పిట్టలకి పనికిరావు. తెల్లగా ఉండి రాత్రిపూట వాసన వేసే పూలు రెక్కల పురుగుల కోసం పుట్టినవి. పిట్టకి వాసనతో పెద్దగా పని లేదు, రంగూ గొట్టమూ కావాలి. మల్లె మన కోసం వేసుకుందాం. మందారంలో రేకమందారం అయితే వస్తాయి, ముద్దమందారం అయితే లోపలికి మూతి దూరదు, రేకుల్లో రేకులు ఇరుక్కొని ఉంటాయి. ఏ పూవైనా అంతే, ముద్దరకం కొనకండి. మెట్టతామర వేయండి, ఎరుపుది. ఒక దుంప నాటితే బోలెడు పిలకలు.

అన్నిటికంటే నాకిష్టమైనది కాశీరత్నం. చిన్నప్పుడు మా దడి మీద అల్లుకొని ఉండేది, సన్నటి ఈకల్లాంటి ఆకు, ఎర్రని నక్షత్రం పూవు. పేరు చూసి అది కాశీ నుంచి వచ్చిందనే అనుకున్నాను. తీరా చూస్తే దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. ఆ ఎరుపు, ఆ సన్నని గొట్టం ఈ పిట్ట మూతి కోసమే తయారైనవి. మన ఊళ్ళో వందల ఏళ్ళు పూసి ఎవరి కోసం ఎదురుచూసిందో అనిపించింది, మొదటి ఏడాది ఇక్కడ నా కంచె మీద పిట్ట దానిలో మూతి పెట్టినప్పుడు. గింజలు రాత్రంతా నానబెట్టి మే నెలలో, నేల వేడెక్కాక వేయండి. ఆగస్టు, సెప్టెంబర్‌లో పూస్తుంది, అంటే సరిగ్గా మీ ఖాళీ గడుల్లో. గింజలు రాలి మళ్ళీ మొలుస్తాయి, పాకనివ్వకండి.

ఇప్పుడు మీ ఎర్ర నీళ్ళు. ఈరోజే పారబోసేయండి. ఆ రంగు వాటికి అక్కర్లేదు, సీసా మూతకి ఉన్న ఎరుపు చాలు. ఒక కప్పు మామూలు తెల్ల పంచదార, నాలుగు కప్పుల నీళ్ళు, కరిగించి చల్లార్చి పోయండి. అంతే. బెల్లం వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. బెల్లంలో, గోధుమరంగు పంచదారలో ఇనుము ఉంటుంది, వాటి ఒంటికి అది పడదు. ఆర్గానిక్ పంచదార కూడా వద్దు. నేను మొదటి ఏడాది ఇంకా ఘనకార్యం చేశాను. పంచదార కంటే తేనె పవిత్రం కదా అని తేనె నీళ్ళు పోశాను, పంచామృతం చేస్తున్నట్టు. మూడో రోజుకి సీసా లోపల నల్లటి తీగలు. తేనె నీళ్ళలో బూజు ఇట్టే పడుతుంది, వాటి నాలుకకి పట్టి ప్రాణం తీయొచ్చంటారు. ఇప్పటికీ తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

సీసా కడగడానికి ఓపిక లేకపోతే అసలు పెట్టకండి. వేసవిలో రెండు రోజులకొకసారి, చలికాలంలో వారానికి ఒకసారైనా వేడినీళ్ళూ బ్రష్షూ పెట్టి కడిగి నీళ్ళు మార్చాలి. గార పడితే వెనిగర్ నీళ్ళలో నానబెట్టండి. చీమలకి సీసా పైన వేలాడదీసే చిన్న నీళ్ళ గిన్నె అమ్ముతారు, మన వంటింట్లో పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే. తీగకి నూనె, గ్రీజు మాత్రం రాయకండి, ఈకలకి అంటుకుంటే ఎగరలేవు. కిటికీకి మూడడుగుల లోపలే పెట్టండి. దగ్గరగా ఉంటే వేగం అందుకోదు కాబట్టి అద్దానికి గుద్దుకున్నా దెబ్బ తగలదు. పది పదిహేను అడుగుల దూరంలో ఉంటే ప్రమాదం. నా దృష్టిలో సీసా అంటే పులిహోర ఉన్నప్పుడు పక్కన పెట్టే అప్పడం. డిసెంబర్, జనవరిలో వానలు వారం రోజులు పట్టుకున్నప్పుడు మాత్రం అదే అన్నం.

పూల తేనె, పంచదార నీళ్ళు వాటికి పరుగెత్తడానికి ఇంధనం. కండ పట్టడానికి పురుగులు కావాలి. దోమల్లాంటి చిన్న ఈగలు, పేనుబంక, చిన్న సాలీళ్ళు. పిల్లలకి తల్లి నోట్లో పెట్టేది ఎక్కువగా ఇవే. కాబట్టి పురుగుమందు కొట్టిన పెరట్లో ఎన్ని పూలున్నా సగం వంటిల్లే. నిమ్మచెట్టుకీ కరివేపాకుకీ మొదలు దగ్గర మట్టిలో పోసే మందులు ఉంటాయి, మొక్క లోపలికి పీల్చుకొని పూవులో తేనె దాకా వెళ్ళేవి. అవి వద్దు. నర్సరీలో కొనేటప్పుడు కూడా ఆ మందు వేశారా అని అడగండి. బెండ మీద పేనుబంక ఉంటే నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టండి, మిగిలింది పిట్ట చూసుకుంటుంది.

సాలెగూళ్ళు కూడా ఉంచండి. ఆడపిట్ట గూటిని దూదిలాంటి మొక్కల నూగుతో కట్టి, సాలీడు దారంతో చుట్టి బిగిస్తుంది. ఆ దారం సాగుతుంది కాబట్టి పిల్లలు పెరిగే కొద్దీ గూడు కూడా సాగుతుంది. మా అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చిన ఏడాది వరండా చూరు కింద బూజంతా చీపురుకి గుడ్డ కట్టి దులిపేశారు. మర్నాడు ఒక పిట్ట వచ్చి ఆ ఖాళీ మూల దగ్గర గాల్లో నిలబడి అటూ ఇటూ వెతుక్కుంటోంది. ఆవిడే చూసి, "ఇదేమిటే, దులిపినందుకు నన్ను తిడుతోందా" అన్నారు. అవునత్తయ్యా అన్నాను. ఆ తర్వాత ఆరు నెలలూ ఆవిడ ఆ మూలకి వెళ్ళలేదు, మిగతా ఇల్లంతా దులిపారు.

గూడు ఎంత ఉంటుందో తెలియకపోతే కంటికి ఆనదు. నిమ్మకాయ సగం కోసి గుల్ల చేస్తే ఎంతుంటుందో అంత. బయట నాచు ముక్కలు అతికించి ఉంటుంది, కొమ్మకి కణుపు అనుకుంటారు. లోపల చిక్కుడు గింజలంత తెల్లటి గుడ్లు రెండు. మా నిమ్మచెట్టు మీద ఒక జనవరిలో పెట్టింది. కొమ్మలు కత్తిరించే అతను మిషన్ తీసుకొని వచ్చాడు. చెట్టు కింద నిలబడి ఉంటే ఏదో బొంగరంలా నా మొహం మీదికి వచ్చి పోతోంది, అప్పుడు పైకి చూశాను. అతన్ని వెనక్కి పంపేశాను. సుమారు పదహారు రోజులు పొదిగింది, మూడు వారాలు పైన పిల్లల్ని సాకింది, ఒక్కతే. మగపిట్ట అసలు ఆ దరిదాపులకే రాదు. ఒక రాత్రంతా కుండపోత వాన. తెల్లారి టార్చి వేసి చూస్తే తల్లి రెక్కలు గూటి అంచుల మీద పరిచి, ముక్కు ఆకాశానికి పెట్టి, తడిసి ముద్దై అలాగే కూర్చొని ఉంది. గుడ్లూ పిల్లలూ ఉన్న గూటిని కదిలించడం 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం నేరం కూడా. డిసెంబర్ నుంచి జూన్ దాకా కొమ్మలు కొట్టించే ముందు ఐదు నిమిషాలు చెట్టు కింద నిలబడి చూడండి.

మగపిట్ట గురించి చెప్పాలంటే, పెత్తందారు. ఒక కొమ్మ చివర కూర్చొని పెరడంతా తనదే అంటాడు. నీడలో చూస్తే మెడ నల్లగా, తల తిప్పగానే ఎండ పడి నెమలి కంఠంలా భగ్గుమంటుంది, గులాబి రంగులో. చలికాలం చివర నూరడుగుల ఎత్తుకి ఎగిరి నిలువునా కిందికి దూకుతాడు, చివర్లో కీచుమని ఒక చప్పుడు. అది గొంతు కాదు, తోక ఈకల్లోంచి గాలి కోసుకుపోయే శబ్దం. ఇతనున్నంత సేపు మిగతావాటిని తాగనివ్వడు. అందుకే అన్ని పూలూ ఒకేచోట పెట్టకండి. ఇంటి ముందు కొన్ని, వెనక కొన్ని, ఒకచోటి నుంచి ఇంకోటి కనిపించకుండా. సీసాలు కూడా అలాగే. ఒకేసారి రెండు చోట్ల కాపలా కాయలేడు.

ఈ సమాధానం వేరే ఊళ్ళవాళ్ళు చదివితే ఒక మాట. ఇదంతా పసిఫిక్ తీరానికే. న్యూజెర్సీలో రూబీ థ్రోటెడ్ అనే ఒక్క రకమే ఉంటుంది, ఏప్రిల్ చివర వచ్చి సెప్టెంబర్‌లో వెళ్ళిపోతుంది. అక్కడ ఏడాదంతా అనేది కుదరదు, వచ్చే ఐదు నెలలకి ట్రంపెట్ హనీసకిల్, కార్డినల్ ఫ్లవర్, బీ బామ్ వేసుకోండి. హైదరాబాదులోనో గుంటూరులోనో హమ్మింగ్‌బర్డ్ చూశామని ఫొటోలు పంపేవాళ్ళకి: అమెరికా ఖండాలు దాటి ఈ పిట్ట లేదు. మీరు చూసింది తేనెపిట్ట. అది కూడా అందమైనదే, మందారం కొమ్మ మీద వాలి తాగుతుంది.

ఇక మీ పెరడు. ఇప్పుడు సెప్టెంబర్ చివర కాబట్టి సమయం సరిగ్గా ఉంది. అక్టోబర్ చివర, మొదటి వాన నేలలోకి దిగాక నాటండి. వానాకాలమంతా వేళ్ళు దిగుతాయి, ఏప్రిల్‌లో నాటితే మొదటి ఎండకే వాడతాయి. ఒకేసారి అన్నీ వద్దు. ఈ ఏడాది మూడు కాలిఫోర్నియా ఫ్యూషియాలు, ఒక మాంజనీటా, ఒక మెక్సికన్ సేజ్, కుండీలో ఒక పైనాపిల్ సేజ్, మూలకి ఒక గూస్‌బెరీ. ఒక గాలన్ డబ్బాలో ఉన్న చిన్న మొక్కలే కొనండి, పెద్దవాటి కంటే త్వరగా నిలదొక్కుకుంటాయి. అక్టోబర్‌లో స్థానిక మొక్కల సంఘాల వాళ్ళు అమ్మకాలు పెడతారు. బర్క్లీ దగ్గర టిల్డన్ పార్కులో కాలిఫోర్నియా మొక్కల తోట కూడా చూసి రండి, పదేళ్ళయ్యాక మాంజనీటా ఎంతవుతుందో కళ్ళారా తెలుస్తుంది. లాన్ తీసేసే ఉద్దేశం ఉంటే మాత్రం ఆగండి, తీయకముందే మీ నీళ్ళ బిల్లు పంపేవాళ్ళని రాయితీ ఉందా అని అడగండి. తీసేశాక అడిగితే ఇవ్వరు, నాకు అలాగే పోయింది.

పెరట్లో మధ్యాహ్నం రెండు గంటలకి ఎండ ఎక్కడ పడుతుందో, కంచె ఏ దిక్కున ఉందో మీరు రాయలేదు. అది చెప్తే ఏది ఎక్కడ పెట్టాలో చెప్తాను. గూస్‌బెరీ మాత్రం ఏ మూల వేసినా పాప ఉయ్యాలకి ఆరడుగుల దూరంలో వేయండి.